జిగురు పట్టేదాకా

ఆర్డిస్ కూర్చుంది. పొయ్యి మీది గడియారంలో పది కావడానికి రెండు నిమిషాలు తక్కువ. ఇక లేవకూడదు. పదకొండు కొట్టేదాకా, తుమ్మొచ్చినా దగ్గొచ్చినా ఇక్కడే, ఈ మూలనే, మంచానికీ గోడకీ మధ్య కొత్తగా పరిచిన చెక్క మీద, పిల్లలు ఇసకలో కూర్చున్నట్టు కాళ్ళు బారజాపుకుని. ఆ పక్క సిమెంటు దిమ్మలు నాలుగు, ఈ పక్క కుట్టుమిషను, దాన్నానుకుని పీచ్ పళ్ళ డబ్బాలు, చిక్కుడుగింజల డబ్బాలు, నీళ్ళు నింపిన క్యాన్లు రెండు, నడిమధ్యన తను. డెబ్భై ఆరేళ్ళొచ్చాక మనిషి దేనికి పనికొస్తుందయ్యా అంటే, బరువుకి పనికొస్తుంది. అన్నీ పేర్చాక కూడా చెక్క మధ్యలో ఊగుతోందని, ఇంకో నూట యాభై పౌన్లు కావాలి, ఎక్కడుందబ్బా అని చుట్టూ చూసి, వాండా చివరికి తననే చూసింది. వాండా రెండు ట్రైలర్ల అవతలుండే మనిషి. నలభై ఏళ్ళు పడవలు బాగుచేసే షెడ్డులో పనిచేసిన చేతులవి, జిగురు సంగతిలో ఆవిడ మాటకి తిరుగు లేదు. ఈ జిగురు పొంగుతుంది ఆర్డిస్, రొట్టె పిండి పొంగినట్టు పొంగి చెక్కని పైకెత్తేస్తుంది, గంటసేపు అణిచిపెట్టి ఉంచాలి, మధ్యలో లేచావో లోపల గాలి దూరుతుంది, ఇక నువ్వు బతికున్నన్నాళ్ళూ ఆ చోట కాలేస్తే టక్కుమంటుంది అని చెప్పి, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పన్నుకి ఇవాళే కుదిరింది.

స్క్రూలు బిగిస్తే సరిపోదా అని ఆర్డిస్ కూడా అడిగింది మొదట్లో. బిగించడానికి కింద ఏముంది? ఇదేమన్నా దూలాలూ వాసాలూ ఉన్న ఇల్లా? బండికి తగిలించుకుని ఊరూరా తిప్పే ట్రైలరు ఇల్లు, తేలిగ్గా ఉండాలని కట్టింది. పైన పల్చటి చెక్క, నడుమ థర్మాకోల్ దిమ్మ, కింద మళ్ళీ పల్చటి చెక్క, రెండు బిస్కెట్ల మధ్య క్రీము పెట్టినట్టు. స్క్రూ తిప్పితే వెన్నలో సూదిలా దిగి ఊరికే తిరుగుతుంది. అంతా జిగురు మీద నిలబడే సంసారం. ఈ జిగురుతో ఇంకో వింత ఉంది. పూసేముందు చెక్కని తడిగుడ్డతో తుడవాలట, తడి తగిలితేనే పడుతుందట. వినగానే ఆర్డిస్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయిదు వారాలు ఫ్యానూ హీటరూ పెట్టి, రాత్రనకా పగలనకా, ఈ మూలని చంటిబిడ్డ గుడ్డలారబెట్టినట్టు ఆరబెట్టింది కదా, ఇప్పుడు తన చేత్తో తనే తడపాలా? తడిపింది. నీళ్ళే పాడు చేశాయి, నీళ్ళే అతకాలి అంటే సరే అంది.

వాన పడుతూనే ఉంది. నవంబరులో ఈ తీరాన పడని రోజు ఎప్పుడు గనక. పైకప్పు రేకు మీద సన్నగా, ఆగకుండా, ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు. ఆర్డిస్ కళ్ళు పై మూలకే పోతున్నాయి. చెమ్మ లేదు, మచ్చ లేదు. ఉండదు, ఉండకూడదు. రెండేళ్ళు కిటికీనే తిట్టారు తనూ మొగుడు ఎల్డనూ. కిటికీ చుట్టూ పూత పూయడం, మళ్ళీ గీకడం, మళ్ళీ పూయడం, ఎల్డన్ నిచ్చెన ఎక్కితే తను కింద పట్టుకోవడం, వీధిలో పోయేవాళ్ళు మీ కిటికీకి మళ్ళీ జబ్బు చేసిందా అని అడగడం. తీరా చూస్తే దోషం కిటికీది కాదు. అంతకు మూడడుగుల పైన, కప్పు అంచున, రాత్రి వెనక వచ్చే బండికి కనబడాలని పెట్టిన బొటనవేలంత నారింజ దీపం, దాని వెనక రబ్బరు ఎండి చీలిపోయింది, అక్కణ్ణించి వాననీళ్ళు గోడ లోపల్నుంచి జారి, కిటికీని చుట్టి, కిందికొచ్చి నేలలో చేరింది. నీళ్ళు దొంగలాంటివి, దూరేది ఒకచోట, దొరికేది ఒకచోట. పాపం కిటికీ, రెండేళ్ళు చేయని నేరానికి మాటలు పడింది. ఆ దీపం పీకి, రంధ్రం మూసి, కొత్తది పెట్టింది తనే, వాండా నిచ్చెన పట్టుకుంటే. ఎల్డన్‌కి చెప్పలేదింకా. ఇవాళ చెప్పాలి. వస్తాడుగా.

పదకొండింటికి వస్తాడు. కార్లా తీసుకొస్తుంది. కార్లా అంటే తుంటి ఎముక విరిగినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పే ఆవిడ, ఏడు వారాలుగా ఎల్డన్ ఆవిడ చేతిలోనే ఉన్నాడు. ఇంటికి పంపొచ్చా పంపకూడదా అని తేల్చేముందు మనిషిని ఒకసారి ఇంటికి తెచ్చి, మెట్లెక్కించి, కూర్చోబెట్టి, లేపి చూస్తారట. కార్లా సరేనంటే ఇంటికి. కాదంటే కొండమీద ముసలివాళ్ళని చూసుకునే పెద్ద భవనం ఉంది, అక్కడ పన్నెండో నంబరు గదిలో కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది, ఎల్డన్ పేరు ఆ మంచానికి రాసేస్తారు. కిటికీ పక్కది దొరకడం అదృష్టం అంది అక్కడి ఆవిడ. అదృష్టమే కాబోలు. వెనక వీధిలో ఉండే బర్నిస్ తన మొగుణ్ణి అలాగే ఓ నెలరోజులకని పంపింది, ఆ మంచం మీంచి ఆయన ఇంటికి రాలేదు, బర్నిసే రోజూ బస్సెక్కి అక్కడికి పోయి సాయంత్రం ఒక్కతే వస్తుంది. బస్సు దిగి నడిచొచ్చే ఆ నడక చూస్తే చాలు. ఆర్డిస్ కాళ్ళు కదపబోయి ఆగింది. కదపకూడదు. గడియారంలో పదీ తొమ్మిది.

గంటసేపు ఊరికే కూర్చోవడం ఈ జన్మలో ఎప్పుడన్నా జరిగిందా? ఎండ్రకాయల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు నిలబడింది, రబ్బరు బూట్లలో, ఎప్పుడూ తడిగా ఉండే సిమెంటు నేల మీద. ఉడికిన ఎండ్రకాయ కాలుని విరిచి పళ్ళెం అంచుకి ఒక్క దెబ్బ వేస్తే మాంసం చెదరకుండా నిండుగా జారి పడాలి, చెదిరితే మేస్త్రీ ఊరుకునేది కాదు. ఆడవాళ్ళు అరవైమంది, అరవై చప్పుళ్ళు, ఇదే వానలా. ఎదురుగా నిలబడే ఫిలిప్పీన్స్ ఆవిడ, పేరేమిటది, లుజ్, అవును లుజ్, ఒక కాలు మీద నిలబడి ఇంకో కాలికి విశ్రాంతి ఇచ్చేది కొంగలా, చూసి తనూ నేర్చుకుంది. ఇంటికొచ్చాక బూటు విప్పితే పాదం తెల్లగా ముడతలుపడి, పిండిలో పొర్లించినట్టు. ఎల్డన్ ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దేవాడు, ఏమే, నీ కాళ్ళా ఇవి, ఎవరివో తెచ్చేసుకున్నావా అనేవాడు. దుంగల లారీ నడిపి నడిపి అతని చేతులు గరుకు, ఆ గరుకే హాయిగా ఉండేది. మొదటిసారి ఆ చెయ్యి పట్టుకున్నది రైతుల హాల్లో డాన్సు రోజున. నేల జారుగా ఉండాలని మొక్కజొన్న పిండి చల్లేవాళ్ళు, ఎవరో మరీ గుప్పిళ్ళతో చల్లేశారు, రెండో చుట్టుకే ఎల్డన్ జారిపోయి తనని కూడా లాక్కుని పడ్డాడు. ఊరంతా చూస్తోంది. లేచి బట్టలు దులుపుకోవాలా వద్దా, అలాగే కూర్చుని, ఇక్కడ బానే ఉంది, నీకెలా ఉంది అని అడిగాడు. అలాంటివాణ్ణి ఏం చేస్తాం, పెళ్ళి చేసుకున్నాం.

కదిలే ఇల్లు తనకి కొత్తేమన్నానా. పుట్టిందే కదిలే ఇంట్లో. అడవిలో చెట్లు కొట్టే క్యాంపు, ఆ కొండ అయిపోతే పక్క కొండకి పోవాలి, అందుకని ఇళ్ళన్నీ రైలుపెట్టె మీద పట్టేంత కట్టేవాళ్ళు, క్రేను పెట్టి ఇంటిని ఇల్లుగా ఎత్తి పట్టాల మీద పెడితే సాయంత్రానికి ఇంకో అడవిలో దిగేది, కర్టెన్లతో సహా. ఇల్లు కదిలే రోజు పొద్దున్నే అమ్మ అలమారలో పింగాణీ అంతా తీసి దుప్పట్లు చుట్టి నేల మీద పెట్టేది. గోడకున్న అద్దం నేల మీదికి. దీపం నేల మీదికి. చివరికి పిల్లల్నీ నేల మీద కూర్చోబెట్టి తనూ కూర్చునేది, కింద ఉన్నది కింద పడదమ్మా అని. రైలు కదిలితే నేల కింద చక్రాలు కటకటమంటూ కడుపులో తెలిసేవి. అమ్మ ఒళ్ళో తమ్ముడు, పక్కన తను, ఒక చేత్తో దీపం చిమ్నీ పట్టుకుని. ఇప్పుడు కూడా చెయ్యి దానంతటది కుట్టుమిషను మీదికి పోయి పట్టుకునుంది. అమ్మకేం తెలుసు, కింద ఉన్నది కూడా ఇంకా కిందకి పడుతుందని. నేలే లేకపోతే పడదూ?

నేల మెత్తబడిందని ఎప్పుడు తెలిసిందంటే ఇదీ అని చెప్పలేదు ఆర్డిస్. ఒకరోజని ఏముంది. పాదానికి తెలిసింది ముందు. మంచం దిగి రెండో అడుగు వేసేచోట నేల కొంచెం లోపలికి పోయి మళ్ళీ వచ్చేది, బాగా ముగ్గిన పండు మీద వేలు పెట్టినట్టు. ఆ తర్వాత పాదం అక్కడ పడటం మానేసింది. అది కూడా తను అనుకుని మానేసింది కాదు. ట్రైలర్లలో ఉండేవాళ్ళందరికీ ఇది అలవాటే, ఎవరింట్లో వాళ్ళకి ఒక చోటుంటుంది, కాలు దాన్ని దాటుకుని పోతుంది, చుట్టాలొస్తే ఆ చోట కుర్చీ వేసేస్తారు. తను బట్టల బుట్ట పెట్టింది. ఉతికేవీ ఉతికినవీ అన్నీ అందులోనే, రెండేళ్ళు ఆ బుట్ట అక్కణ్ణించి కదలలేదు, ఉతికే రోజు తప్ప. చెప్తే ఎల్డన్ ఊరుకోడు. ఆ వయసులో, ఆ గుండెతో, మోకాళ్ళ మీద వంగి పలుగు పట్టుకుని నేలంతా తవ్వుతాడు. డాక్టరు బరువులెత్తొద్దన్నాడని గుర్తుచేస్తే చెక్క బరువేనా అంటాడు. వేసంగి రానీ, ఎవరినన్నా పిలిచి చేయిద్దాం అనుకుంది. ఒక వేసంగి పోయింది. రెండోదీ పోయింది. సెప్టెంబరులో వానలు మొదలయ్యాయి.

ఆ రోజు ఉతికే రోజు. బుట్ట తీసుకుని వెళ్ళింది తనే. ట్రైలర్ల వరస చివర ఉతికే గదిదాకా వెళ్ళి చూసుకుంటే సబ్బు మర్చిపోయింది. అంత దూరం మళ్ళీ ఎవరు నడుస్తారని సగం దూరం వచ్చి, వేపుడు గిన్నె కడుగుతున్నట్టుంది అక్కడెవరో, ఆ చప్పుడు మీద వినబడదేమోనని గొంతెత్తి పిలిచింది, ఎల్డన్, సబ్బు పట్రా. అంతే. ఆ మూడు మాటలే. కునుకు తీస్తున్నవాడు గభాలున లేచాడు. దాటుకుని పోయే కాలు ఆ తొందరలో దాటలేదు. చప్పుడు కూడా పెద్దగా రాలేదంటాడు, తడి అట్టముక్క చినిగినట్టు వచ్చిందట, కాలు మోకాలిదాకా దిగిపోయి ఒళ్ళు మాత్రం పక్కకి తిరిగిపోయింది. సబ్బు రాకపోయేసరికి తను విసుక్కుంటూ వచ్చింది. తలుపు తీస్తూ కూడా ఒక మాట అంది, ఆ మాటేమిటో ఎవరికీ చెప్పలేదు, చెప్పదు. ఆసుపత్రిలో ఎలా పడ్డాడమ్మా అంటే నేల విరిగిందండీ అని చెప్పింది. నేల మెత్తగా ఉందని ముందే తెలుసా అని ఎవరూ అడగలేదు. అడగలేదు గనక అబద్ధం కాదు అని ఏడు వారాల నుంచీ రాత్రిళ్ళు తనకి తనే చెప్పుకుంటోంది.

ఒంటికి చెమట పడుతోంది, హీటరు పక్కనే ఉంది మరి. ఎడమకాలు మొద్దుబారింది. చెక్క అంచుల్లోంచి జిగురు నురగ బయటికొచ్చింది, తేనె రంగులో, బుడగలు బుడగలుగా. మంచిదే, అంతా అంటుకున్నట్టు గుర్తు అని చెప్పింది వాండా, గోటితో గుచ్చితే పిండిలా దిగితే ఆగు, పెంకులా విరిగితే లే. గుచ్చింది. దిగింది. పదీ ముప్ఫై.

పాత నేల తీసేటప్పుడు ఇదే చోట కూర్చుంది, ఇలాగే కాళ్ళు చాపి. చెక్క ముక్కలుగా రాలేదు, చారెడు చారెడు వచ్చింది, నానిన రొట్టెలా, నల్లగా, పుట్టగొడుగుల వాసనతో. పైన వేసిన ప్లాస్టిక్ చాప లేపితే, కాలు దిగిన కంత పక్కనే, అడుగున ఏదో మెరిసింది. రేకు అనుకుంది, ఫ్యాక్టరీవాళ్ళు వేసిందేమో అనుకుంది. బురద తుడిచి చూస్తే దాని మూల మీద మాడిన మచ్చ, కుడి పక్క సొట్ట. ఆ సొట్ట తను ఎరగనిదా? తన బిస్కెట్ల పళ్ళెం. మూడేళ్ళ కిందట కనబడకుండా పోయిన పళ్ళెం. నాలుగు పక్కలా నాలుగు స్క్రూలు, చుట్టూ గరిటెతో పూసినట్టు పూత. దాని కోసం ఎంత గొడవ జరిగింది. ఎల్డన్ చెల్లెలు ఫెర్న్ ఆ వారమే వచ్చి వెళ్ళింది, ఫెర్నే తీసుకెళ్ళిందని తను అంది, ఫోన్లో కూడా అంది, నీ పెట్టెలో ఏమన్నా పొరపాటున వచ్చిందేమో చూసుకో అని, ఆ చూసుకో అన్న మాటకి ఫెర్న్ మూడు క్రిస్మసులు కార్డు కూడా పంపలేదు. ఎల్డన్ పక్కనే కూర్చుని టీవీ చూస్తూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది ఆర్డిస్. కోపం రావాల్సింది. మూడేళ్ళ కిందటే. అంటే తనకంటే ముందే అతనికి తెలుసు. తను లేనప్పుడు చాప లేపి, ఈ గుండెతో, ఈ మోకాళ్ళతో వంగి, చేతికందింది పెట్టి బిగించి, చాప మళ్ళీ పరిచి, చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. ఆ తర్వాత తన బుట్టని చూసి అతనేమనుకున్నాడో. ఒకే అడుగు చోటుని ఇద్దరూ దాటుకుంటూ, ఒకరికి తెలియకుండా ఒకరు, పొద్దున్నే కాఫీ కప్పులు పట్టుకుని.

బయట గులకరాళ్ళ మీద బండి ఆగిన చప్పుడు. పదీ ముప్ఫై ఎనిమిది. అప్పుడేనా? తలుపు తీసి వేసిన చప్పుడు, చక్రాల కుర్చీ విప్పుతున్న చప్పుడు, కార్లా గొంతు. వంతెన మీద బళ్ళు లేవు ఆర్డిస్ గారూ, కాస్త ముందే వచ్చేశాం, వానకి తడిసిపోతున్నాం, తలుపు తీస్తారా.

"లేవడానికి లేదమ్మా," అంది ఆర్డిస్.

 తనేమన్నదీ తనకే అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. మెట్ల మీద కార్లా అడుగులు గబగబా, పడ్డారా, ఎక్కడ పడ్డారు, తల తగిలిందా, కదలొద్దు. ముసలావిడ ఒక్కతే, నేల మీద, లేవడానికి లేదు. ఇంతకంటే ఏం కావాలి కాగితం మీద రాసుకోవడానికి? అయిపోయింది, పన్నెండో నంబరు గది, కిటికీ పక్క మంచం. పడలేదమ్మా, కూర్చున్నానంతే, లోపలికి రాకు, తలుపు తీస్తే ట్రైలరంతా ఊగుతుంది అని ఆర్డిస్ అంటూనే ఉంది, గొంతు పీలగా పోతోంది. అప్పుడు వినబడింది నవ్వు. ఏడు వారాలుగా ఆసుపత్రి గదిలో వినబడని నవ్వు, కప్ప బెకబెకలా, మధ్యలో దగ్గుతో.

"వాండా జిగురేనా?" అన్నాడు ఎల్డన్.

"ఆఁ."

"చెక్క తడిపావా?"

"తడిపా."

"అయితే కూర్చో. కార్లా, ఆవిడ పడలేదు. చెక్కని బిగించి పట్టే క్లాంపు లేక తనే క్లాంపై కూర్చుంది. ఇప్పుడు మనం ఎక్కితే అంతా పాడవుతుంది."

 కార్లా కుర్చీని ముందున్న గుడ్డ పందిరి కిందికి నెట్టిన చప్పుడైంది. సరిగ్గా గోడకి అవతల, తన వీపు ఆనుకున్న చోటే ఆగింది. గోడ మందం రెండంగుళాలు. అతని ఊపిరి వినబడుతున్నట్టే ఉంది, అది వానేమో. వేలి కణుపుతో గోడ మీద టకటక కొట్టాడు, ఆ చప్పుడు వెన్నెముకలో తెలిసింది. తను కూడా తల వెనక్కి వాల్చి గోడకి ఆనించింది.

"పాత చెక్క మొత్తం తీశావా ఆర్డీ?"

"మొత్తం."



"అయితే దొరికే ఉంటుంది."

"దొరికింది. తుప్పు కూడా పట్టలేదు. మంచి పళ్ళెం అది."

"ఫెర్న్‌కి ఫోన్ చెయ్యాలి."

"నువ్వే చెయ్యి. నేను పక్కన కూర్చుని టీవీ చూస్తా."

మళ్ళీ ఆ నవ్వు, ఈసారి చిన్నగా. నవ్వు అయిపోయాక అసలు మాట తనదేనని ఆర్డిస్‌కి తెలుసు. అటు పక్క కార్లా ఉంది. కార్లా చేతిలో కాగితాలున్నాయి. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, పావుగంట నోరు మూసుకుంటే చాలు. కాని ముఖం చూసి ఈ మాట చెప్పలేదు తను, ఏడు వారాలు మంచం పక్కన కూర్చుని చెప్పలేకపోయింది. గోడ అడ్డుగా ఉంది గనక ఇప్పుడు వస్తోంది, ఇప్పుడు రాకపోతే ఎప్పటికీ రాదు.

"నాకు కూడా తెలుసు ఎల్డన్. రెండేళ్ళ నుంచీ తెలుసు. బుట్ట ఊరికే పెట్టలేదు. తెలిసుండీ ఆ రోజు నిన్ను కేకేశాను."

చక్రం కొంచెం కదిలిన చప్పుడు. ఆలోచిస్తే అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నాడు కాబోలు, కొత్త అలవాటు. తను కళ్ళు మూసుకుంది. అరవమను, తిట్టమను, ఏదో ఒకటి.

"బుట్ట చూసే నాకు తెలిసింది నీకు తెలుసని," అన్నాడు ఎల్డన్. "నేను ఎందుకు చెప్పలేదో చెప్పనా? చెప్తే ఈ ట్రైలర్ మనవల్ల కాదు, అమ్మేద్దాం అంటావని. నువ్వు పిలిస్తే లేచాను. యాభై ఏళ్ళుగా అంతే కదా, ఆ రోజేం కొత్త?"

ఆర్డిస్‌కి ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి గుడ్డ మంచం మీదుంది, అందదు. చొక్కా చేతితో తుడుచుకుంది. అమ్మేద్దామని అనుండేదా తను? ఏమో. అనుండేదే. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుందామని నేల మీద చాప కప్పారు, చాప కింద నేల కుళ్ళింది. కార్లా విన్నది, మొత్తం విన్నది, ఇక ఏమన్నా రాసుకోనీ. నురగలో గోరు గుచ్చింది. చిటుక్కున విరిగింది. గడియారం చూసింది. పదకొండుకి మూడు నిమిషాలు తక్కువ. పోనీ అనుకోలేదు. ఆ మూడూ కూర్చుంది.

తర్వాత తలుపు తెరుచుకుంది. ముందు చలిగాలి వచ్చింది, తర్వాత ఎల్డన్ చెయ్యి, తలుపు పక్క పిడి పట్టుకుని. మంచిది పైకి, చెడ్డది కిందకి అని సణుక్కుంటున్నాడు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు అని కార్లా నేర్పిన పాఠం. మూడు మెట్లు. ఒక్కో మెట్టుకీ ట్రైలర్ కొంచెం ఒరిగి మళ్ళీ నిలబడుతోంది. లోపలికొచ్చి బల్ల పక్క సోఫాలో మెల్లగా, చేతుల మీద బరువేసి కూర్చున్నాడు. సన్నబడ్డాడు. చొక్కా కాలరులోంచి మెడ కోడిమెడలా ఉంది. తనని చూశాడు, డబ్బాల మధ్య, క్యాన్ల మధ్య, జుట్టంతా చెదిరి. కళ్ళతోనే డబ్బాలన్నీ లెక్కపెట్టాడు.

కార్లా ఒక్కొక్క బరువూ పక్కకి జరిపింది. దిమ్మలు, మిషను, డబ్బాలు. పెద్ద ఒళ్ళున్న మనిషి, అయినా ఎంత సుళువుగా వంగింది. చెక్క అంచులన్నిటా పిడికిలితో నొక్కి చూసింది, అరచేత్తో తట్టింది, పైన మూలకి చూసింది, గోడ తడిమింది. ఇల్లు అలకగానే పండగ కాదంటారు, ఆర్డిస్ ఆవిడ ముఖమే చూస్తోంది.

"నేల బాగుంది," అంది కార్లా. "కాని ఆర్డిస్ గారూ, నేను నేల చూడటానికి రాలేదు. ఆయనకి నేను ఏడు వారాలు నేర్పాను, ఆయన సంగతి నాకు తెలుసు. రేపు ఆయన పడితే మీరు కిందికి దిగాలి, పక్కన కూర్చోవాలి, మళ్ళీ మీ అంతట మీరు లేచి ఫోన్ దాకా వెళ్ళాలి. అది చూడాలి నేను. లేవండి. నేను పట్టుకోను. ఆయన కూడా పట్టుకోకూడదు."

నేను క్లాంపుని కదమ్మా అందామనుకుంది. ఇదెప్పుడూ అనుకోలేదు. అయిదు వారాలు నేల గురించే ఆలోచించింది, జిగురు గురించి, దీపం గురించి, తన కాళ్ళ గురించి ఎవరాలోచించారు. గంట నుంచీ చాపి ఉన్న కాళ్ళు, ఎడమది ఉందో లేదో తెలియదు, కుడిదాంట్లో చీమలు పాకుతున్నాయి. చేతులు నేలకి ఆనించి ఒక్క ఊపున లేవబోయింది. లేవలేదు. ఇంకోసారి. వెనక్కి కూలబడింది. కార్లా ముఖంలో ఏమీ లేదు, అదే భయం. కాగితాలు చంకలో పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడింది. బర్నిస్, బస్సు, సాయంత్రం.

"అలా కాదు," అన్నాడు ఎల్డన్ సోఫాలోంచి. ముందుకి వంగాడు, చేతులు మాత్రం తొడల కింద పెట్టుకున్నాడు, పొరపాటున చాస్తానేమోనన్నట్టు. "నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ణి. తొందరేం లేదు. ముందు పక్కకి దొర్లు. పూర్తిగా, నిద్రలో దొర్లినట్టు. ఆ. ఇప్పుడు మోచెయ్యి. మోచేతి మీద కాసేపు ఆగు, ఊపిరి తీసుకో. మోకాళ్ళు రెండూ కిందికి తెచ్చుకో, పసిపిల్ల పాకినట్టు."

దొర్లింది. మోచెయ్యి. చెంప చెక్కకి దగ్గరగా వచ్చింది, కొత్త చెక్క వాసన, పచ్చి జిగురు వాసన, క్యాంపులో కొట్టిన చెట్ల మొదళ్ళ వాసన. కాలిలోకి రక్తం దిగుతుంటే వెయ్యి సూదులు. మోకాళ్ళు. ఇప్పుడు నాలుగు కాళ్ళ మీదుంది, ఇద్దరి ముందు, ఈ వయసులో, సిగ్గేస్తుందనుకుంది, వేయలేదు. అతని గొంతు పట్టుకుని పాకుతోంది, చీకట్లో గోడ పట్టుకున్నట్టు.

"మంచం అంచు పట్టుకో. రెండు చేతులూ. ఇప్పుడు మంచి కాలు ముందుకేసి పాదం నేలకానించు. నీకు ఏది మంచిదో నువ్వే చూసుకో."

"రెండూ చెడ్డవే."

"అయితే తక్కువ చెడ్డది."

కుడికాలు ముందుకి తెచ్చింది. పాదం పడింది, ఇన్నేళ్ళూ ఎక్కడ పడకుండా దాటుకుపోయిందో సరిగ్గా అక్కడే. వేళ్ళు ముడుచుకుపోయాయి, పాదానికి తెలియదుగా, దానికెవరూ చెప్పలేదు. మడమ దించింది. మెల్లగా, తర్వాత మొత్తం. ఇంత మనిషి బరువూ ఆ ఒక్క పాదం మీద. టక్కుమంటుందేమోనని ముగ్గురూ విన్నారు. పైన వాన ఒక్కటే వినబడింది. మంచం అంచుని కిందికి తోసింది, తొడలు వణికాయి, నడుం వంగినంత వంగి, సగం దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది.  సోఫాలో ఎల్డన్ ఊపిరి బిగబట్టాడు, ఆ బిగబట్టడం వినబడుతోంది. ఆ సగం దగ్గర ఎంతసేపుందో, ఆ తర్వాత ఏ ఎముక ముందు నిటారైందో, ఆర్డిస్‌కి తెలియలేదు. నిలబడింది. మంచం వదిలేసింది.

తల తిరుగుతోందా అని అడిగింది కార్లా. లేదంది. కార్లా కాగితాలు తీసి ఒక గీత గీసి, కింద ఏదో రాసి, కలం మూత పెట్టింది. గురువారం పొద్దున్న ఆయన్ని బండిలో ఇంటికి పంపిస్తాం, మంచం పక్కన పట్టుకునే పిడి ఒకటి బిగించుకోండి, ఈ గోడకి కాదు, దీనికి స్క్రూలు ఆగవు అని చెప్పి, మెట్లు కొలవాలంటూ బయటికెళ్ళింది.

ఆర్డిస్ ముందుకి రాబోయింది.

"ఉండు," అన్నాడు ఎల్డన్. "ఇంకాసేపు అక్కడే నించో. చూడనీ."